ముప్పై నాలుగో రాయి

ఆసుపత్రి, మూడో అంతస్తు
గురువారం

ఒరేయ్ నట్టూ,

ఉత్తరం మొదట్లో క్షేమమని రాయాలంటారు. రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వైనా బాగుండు.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటి అనుకుంటావేమో. నువ్వు ఫోనెత్తవు, ఎత్తినా రెండు ముక్కలు మాట్లాడి గిరాకీ వచ్చిందంటావు. పైగా ఇది మీ బావ రాయమంటే రాస్తున్నది. ఫోన్లో మాట గాలికి పోతుందట, కాగితమైతే మళ్ళీ చదివించుకోవచ్చట. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పిన మనిషి కదా, రాసి లేనిది జరగనట్టే ఆయనకి.

పడి నెలయింది. మెడ కింద ఏదీ కదలడం లేదు. పెద్ద డాక్టరు మంగళవారం నన్ను వరండాలోకి పిలిచి, ఇంక ఇంతేనమ్మా అన్నాడు. నా మొహం చూడలేక చేతిలో ఫైలు చూస్తూ అన్నాడు. నేను బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి ఆయనకి పాలు పట్టాను.

ఆయన ఎడమ చేతి మీద ఎప్పుడూ తువ్వాలు కప్పి ఉంచుతున్నాను. ఆయనే కప్పమన్నారు. ఆ చెయ్యి కంటపడితే భరించలేకపోతున్నారట. వాళ్ళ నాన్న సైకిలు మీద నేర్చుకున్న పాపానికి ఈయన బ్రేకులు లోకానికి తిరగేసి ఉంటాయని నీకు నేను చెప్పాలా. అందరికీ కుడి చేతికి ముందు బ్రేకైతే ఈయనకి కుడి చేతికి వెనకది, ఎడమ చేతికి ముందుది. ఆ మలుపులో కుడి చెయ్యే నొక్కాననే ఆయనకి గుర్తు. నొక్కితే వెనక చక్రం పట్టాలి. పట్టింది ముందు చక్రం, మనిషి హ్యాండిలు మీంచి ఎగిరి రాతి గోడకి తగిలారు. అంటే ఎడమ చెయ్యే నొక్కి ఉండాలి కదా అంటారు. పగలంతా అదే లెక్క. కాళ్ళూ చేతులూ పోయినందుకు కాదురా ఆయన ఏడుపు, తన గుర్తు తనకే అబద్ధం చెబుతోందని.

ఒక్క సంగతి నిన్ను అడగమన్నారు. ఆ రోజు సైకిళ్ళు కిందికి తెచ్చింది నువ్వే. బ్రేకు వైర్లు చూశావా, ఎలా ఉండాలో అలానే ఉన్నాయా? ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు.

అక్క


సైకిల్ షాపు
ఆదివారం

అక్కా,

ఆదివారం షాపు మూసి రాస్తున్నాను. ఈ వేళకి నేనూ బావా సగం కొండ ఎక్కి ఉండాలి. బావ నాలుగు తొక్కుళ్ళకోసారి ఆగి, అదిగో కోట గోడ, ఇదిగో సుంకం వసూలు చేసిన గుమ్మం అని చూపించేవాడు. ఆయాసం తీర్చుకోడానికి ఆగుతున్నాడని నాకు తెలీదా. తెలిసీ, అవునా బావా, ఎప్పటిది బావా అని అడుగుతూ నేనూ ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఇద్దరం దొంగలమే.

షాపులో పని బాగానే ఉంది. వానలకి చైన్లన్నీ తుప్పు. నిన్న ఒకాయన సైకిలు తెచ్చి, కిర్రుమంటోంది, ఎక్కడో తెలియడం లేదన్నాడు. తొక్కమని పక్కన నడిచాను. కిర్రుమంటున్నది ఆయన చెప్పులు. బావకి చెప్పు, నవ్వుతాడు.

వైర్ల సంగతి. చూశాను. బావ పెట్టించుకున్నట్టే ఉన్నాయి. కుడిది వెనక్కి, ఎడమది ముందుకి. వైర్లు కొత్తవి, రబ్బర్లు కొత్తవి, నట్లు బిగువుగా ఉన్నాయి. నమ్మకపోతే ఎవరినైనా పంపి చూపించుకోమను, సైకిలు ఇక్కడే ఉంది. రోడ్డు తడిసి ఆకులు సబ్బులా ఉన్నాయి, బావని ఆసుపత్రికి చేర్చిన లారీ అతన్ని అడిగినా చెబుతాడు. ఆ మలుపులో ఎవరైనా పడతారు. బావని తన్ను తాను తిట్టుకోవద్దను.

పని తగ్గగానే వస్తాను.

తమ్ముడు


ఆసుపత్రి
శనివారం

ఒరేయ్,

ఒక మాట అడిగితే నట్లూ రబ్బర్లూ లారీ అన్నీ రాశావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకురా ఆ కంగారు. నిన్నెవరన్నారు? మీ బావ సైకిలుని నీకంటే బాగా చూసేవాళ్ళు ఎవరున్నారు?

చెప్పుల సంగతికి ఆయన నవ్వలేదు. వైర్ల దగ్గర మాత్రం మళ్ళీ చదవమన్నారు. చదివాను. కాసేపు పైన ఫ్యాను చూసి, "అయితే తప్పు నాదే, ఇంక వెతకక్కర్లేదు" అన్నారు. మూడో రోజు నర్సమ్మ ఒళ్ళు తుడవడానికి తువ్వాలు తీయబోతే కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఆ పిల్ల భయపడి మళ్ళీ కప్పేసింది.

నిన్న ఉన్నట్టుండి రాళ్ళ మాటెత్తారు. పాత రాజులు ఆ దారి పొడుగునా పాతించిన రాళ్ళు నలభై ఒకటని ఏదో పుస్తకంలో ఉందట కదా. మీరిద్దరూ కలిసి ముప్పై మూడు చూశారు, కనుమ మీది రాయితో సహా. ముప్పై నాలుగోది చూద్దామని అటువైపు దిగుతుండగానే ఇది. మిగతా ఎనిమిదీ నిన్ను చూసి రమ్మన్నారు. ఏ రాయి ఎక్కడుంది, ఎంత ఎత్తు, అంకె కింద రాయి చెక్కినవాడి గుర్తు ఏమిటి, అన్నీ రాయాలట. "వాడు కళ్ళు పెడితే చాలు, నేను పడుకునే తొక్కుతాను" అన్నారు.

ఆ ఒక్క మాటకోసం నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఈ నెలన్నరలో ఆయన రేపటి గురించి మాట్లాడింది అదొక్కటే.

పని తగ్గగానే వస్తానన్నావు. తగ్గలేదా?

అక్క


సైకిల్ షాపు
ఆదివారం

బావా,

అక్క చదువుతుందని తెలుసు గానీ ఇది నీకే. ముప్పై నాలుగో రాయి చూసొచ్చాను.

పొద్దున ఆరింటికి బయల్దేరాను. కనుమ ఎక్కేసరికి పొగమంచు వీడింది. అటు దిగి, పాడుబడ్డ విడిది ఇల్లుంటుందని నువ్వు చెప్పావే, దాని గోడ పక్కన ఉంది. నా నడుం ఎత్తు. ఒక పక్క ఒరిగింది, నాచు పట్టింది. అంకె బాగానే కనబడుతోంది. దాని కింద కొడవలి గుర్తు, మన పాత కొడవలి మేస్త్రీదే. రాయి మీద చెయ్యి వేసి, మా మాస్టారు అడిగినట్టు చెప్పమన్నాడోయ్ అన్నాను. చుట్టూ ఎవరూ లేరులే.

రోడ్డు బాగుంది. చెట్లు బాగున్నాయి. వచ్చే ఆదివారం ముప్పై ఐదు.

నట్టు


ఆసుపత్రి
బుధవారం

తమ్ముడూ,

మూడుసార్లు చదివించుకున్నారు. నర్సమ్మని కూడా కూచోబెట్టి కొడవలి మేస్త్రీ కథ చెప్పారు, ఒక్కడే ముప్పై రాళ్ళు చెక్కి ఉంటాడని, ముసలితనంలో కొడవలి పిడి వంకర పోతూ వచ్చిందని. ఆ పిల్ల మిగతా వార్డు పనికి ఆలస్యమైనా విన్నది.

వచ్చేసారి రాయి మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది అచ్చు తీసి పంపమన్నారు. మీరిద్దరూ తీసేవాళ్ళు కదా. గోడకి అంటించమంటున్నారు.

వీపు మీద పుండు పడింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నాను, అయినా పడింది. ఆయనకి నొప్పి తెలియదు. తెలియదన్నదే నాకు నొప్పి. మా వీధిలో అందరికీ బట్టలు కుట్టిన దాన్ని, చిరుగు చూస్తే ఎలా కలపాలో చేతికే తెలిసేది. ఇక్కడ ఒక మనిషి నా కళ్ళ ముందు చిరుగుతుంటే పక్కకి తిప్పడం తప్ప ఏమీ చేతకావడం లేదు.

జ్వరం వచ్చి పోతోంది. నువ్వొకసారి రారా.

అక్క


సైకిల్ షాపు
సోమవారం

అక్కా,

ముప్పై ఐదో రాయి అచ్చు పంపుతున్నాను. విడిదికి అవతల వాగు దగ్గర ఉంది. గాలికి కాగితం కదిలి అంకె దగ్గర కొంచెం మసకబారింది. బావకి చూపించు.

ఇప్పుడు రాలేను. షాపు వదిలే వీల్లేదు.

తమ్ముడు


ఆసుపత్రి
ఆదివారం

ఒరేయ్ నట్టూ,

నీ అచ్చు గోడకి అంటించాను. మీ బావ చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నవ్వారు. నిజంగా నవ్వారురా, పడ్డాక మొదటిసారి.

"ఇది పన్నెండోది. కొడవలి పిడి దగ్గర పెచ్చు ఊడింది చూడు. ఆ పెచ్చు ఊడగొట్టింది వీడే, స్టాండు వేయబోయి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి దొంగ రాయి పంపుతావా, ఇప్పుడే రాసి కడిగేస్తానన్నాను. వద్దన్నారు. పన్నెండోది కనుమకి ఇవతల కదా, వాడు కనుమ దాటి వెళ్ళలేకపోతున్నాడు, ఆ మలుపు చూడలేకపోతున్నాడు, ముప్పై నాలుగు కూడా చూసి ఉండడు అన్నారు. "తప్పు నా చేతిది. దానికి వాడు శిక్ష పడుతున్నాడు. తెలిసినట్టు రాయకు, ముప్పై ఆరోది కూడా పంపించమను. వాడు అబద్ధమే రాసినా వాడి చేతిరాత కదా" అన్నారు.

రాయొద్దన్నారు గానీ రాస్తున్నాను. మొగుడి మాట దాటడం నాకిది కొత్తేం కాదు. నీ మీద కోపంతో కాదు. నీమీద ఆయన ఎంత జాలిపడుతున్నారో నీకు తెలియకపోతే ఎలా అని. కదల్లేని మనిషి నీకోసం బెంగపెట్టుకున్నారురా. సిగ్గు తెచ్చుకుని ఒక్కసారి వచ్చి కనబడు.

అక్క


సైకిల్ షాపు
శుక్రవారం

అక్కా,

ఇది బావకి చదివి వినిపించు. మొత్తం. ఒక్క మాట కూడా వదలొద్దు.

నేను తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళు ఉన్నాను. నువ్వు జాలి అని రాశావు చూడు, అది చదివాక ఇంక ఉండలేకపోయాను.

ఆ రోజు పొద్దున బావ షాపుకి వచ్చాడు. వైర్లు పోగులు లేచాయి, రెండూ మార్చమన్నాడు. స్టూలు మీద కూచుని ముప్పై మూడో రాయి గురించి రాసుకున్నది చదువుతున్నాడు. నేను వింటూ, నవ్వుతూ, వేశాను. అంతకు ముందు రోజు నాలుగు సైకిళ్ళకి వేసిన చేతులు, వాటికి తెలిసినట్టే వేశాయి. కుడిది ముందుకి, ఎడమది వెనక్కి. అందరికీ వేసినట్టు. పాతికేళ్ళుగా బావ సైకిలుకి తిరగేసి వేసిన వాణ్ణి నేనే. ఆ ఒక్కరోజు మరిచిపోయాను.

బయల్దేరేటప్పుడు బావ ఎప్పుడూ రెండు బ్రేకులూ నొక్కి చూసేవాడు. ఆ రోజు చూడలేదు. చూసుకోవా బావా అంటే, "నువ్వు వేశావుగా" అన్నాడు. షాపు దాటితే ఎక్కుడే కదా, కనుమ దాకా బ్రేకుతో పనే పడలేదు. మొదటిసారి నొక్కింది ఆ మలుపులోనే.

బావ కుడి చెయ్యే నొక్కాడు. ఆయన గుర్తు నిజం. ఎడమ చెయ్యి ఏ పాపమూ చెయ్యలేదు.

ఇంకొకటుంది. అది రాయడానికి ఈ వారం పట్టింది. లారీ అతను బావని ఎక్కించాక నన్నూ ఎక్కమన్నాడు. సైకిళ్ళు తెస్తాను, మీరు పొండి అన్నాను. అప్పటికే నేను బావ సైకిలు లేపి, అలవాటు కొద్దీ కుడి పిడి నొక్కి చూశాను. ముందు చక్రం పట్టింది. చూసిన క్షణమే తెలిసిపోయింది. లారీ వెళ్ళాక సంచిలోంచి పానా తీసి, రోడ్డు పక్కన కూచుని వైర్లు రెండూ మార్చి ఎలా ఉండాలో అలా బిగించాను. పని తప్పు పోలేదు. అప్పుడు మాత్రం మరిచిపోలేదు చూడు. బావ ఆ లారీలో తెలియని మనిషి పక్కన ఒక్కడే వెళ్ళాడు.

సరిగ్గానే ఉన్నాయని నేను రాసింది అబద్ధం కాదు. అంతకన్నా పాడు పని.

ఆ మలుపు దాకా నాలుగుసార్లు వెళ్ళాను. దాటలేకపోయాను. రాళ్ళన్నీ నా కల్పన.

బావ నన్ను ఏమన్నా అననీ. ఏమీ అనకపోతే మాత్రం నేను బతకలేను. ఆ తువ్వాలు తీసెయ్యి అక్కా.

తమ్ముడు


ఇల్లు
మంగళవారం

నీకు,

మీ బావ పోయి పదకొండు రోజులైంది. కబురు చెయ్యలేదు. కావాలనే చెయ్యలేదు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. వరండాలో బల్ల మీద కూచుని చదివాను. చదివి మడిచి జాకెట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళాను. ఆయనకి జ్వరం ఎక్కువగానే ఉంది, తెలివిగానే ఉన్నారు. వాడేం రాశాడన్నారు. ముప్పై ఆరో రాయి దొరికిందట అన్నాను. "ఈసారి పన్నెండోది కాదుగదా" అన్నారు. కాదన్నాను.

జ్వరం తగ్గాక ఆదివారం చదువుదామనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. నిజం చెబుతాను, నువ్వు చెప్పావు కదా. ఆయన నిన్ను అసహ్యించుకుంటూ పోతారేమోనని భయపడ్డాను. అమ్మ పోయేటప్పుడు నిన్ను నా చేతిలో పెట్టింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆయనకి చెప్పాలంటే నిన్ను చించాలి. సోమవారం చదవలేదు. మంగళ, బుధ, గురు చదవలేదు. రోజూ నాలుగుసార్లు ఆ తువ్వాలు సర్దాను. సర్దిన ప్రతిసారీ నీ ఉత్తరం నా గుండెకి గీసుకుంది.

ఒక్క మాట. "మీ చెయ్యి తప్పు కాదు" అన్న ఒక్క మాట చాలు. నీ పేరు కూడా ఎత్తక్కర్లేదు. అది కూడా నాకు తట్టలేదు. తట్టలేదో, రానివ్వలేదో.

శుక్రవారం పొద్దున పోయారు. ఎడమ చెయ్యి కప్పే ఉంది.

నర్సమ్మ గొట్టాలు తీస్తుంటే నేను తువ్వాలు తీశాను. ఇన్నాళ్ళూ ఎండ తగలక ఆ చెయ్యి తెల్లబారిపోయింది. పట్టుకుని చెప్పాను, నువ్వేం చెయ్యలేదు, నీ తప్పేం లేదు అని. ఆ పిల్ల నాకు మతి పోయిందనుకుంది. నీ ఉత్తరం మొత్తం చదివాను, ఒక్క మాట వదలకుండా. వినే మనిషి లేరు.

నీ తప్పు మరపు. ఆ తర్వాత నువ్వు చేసింది భయం. నేను చేసింది తెలిసి చేసింది. మొగుడూ తమ్ముడూ ఇద్దరూ ఎదురుగా ఉంటే నిన్ను ఎంచుకున్నాను. నిన్ను చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. అందుకే రావద్దంటున్నాను. కోపం కాదు. కోపమైతే ఎప్పటికైనా తగ్గేది.

గోడ మీది అచ్చు మాత్రం తెచ్చుకున్నాను. కుట్టు మిషను మీద పెట్టి ఉంది. మిషను తెరవడం లేదు.

అక్క


సైకిల్ షాపు
ఆదివారం

అక్కా,

రావద్దన్నావు, రాను. రాయొద్దనలేదని రాస్తున్నాను. నువ్వు జవాబు రాయకు.

ఇవాళ బావ సైకిలు మీద వెళ్ళాను. వైర్లు బావకి ఉన్నట్టే ఉంచాను. కనుమ దాకా ఒక్కసారి కూడా ఆగలేదు, ఆగడానికి కోట చూపించేవాళ్ళు లేరు. అటువైపు దిగాను. రాత్రి వాన పడింది. ఆకులు అలానే ఉన్నాయి.

మలుపులో కుడి చెయ్యి నొక్కాను. బావ నొక్కినట్టే, గట్టిగా. వెనక చక్రం కొంచెం పక్కకి జారి, పట్టింది. సైకిలు నెమ్మదించింది. గోడ పక్కనుంచి మామూలుగా దిగిపోయాను. అంతే అక్కా. ఏమీ కాలేదు. అక్కడ ఏమీ కావలసిన పని లేదు.

ముప్పై నాలుగో రాయి విడిది దగ్గర లేదు. ఆ మలుపు దిగగానే ఎడమ పక్క పొదలో ఉంది. అడుగులేసి చూశాను, గోడ నుంచి నూట తొంభై. అచ్చు ఇందులో పెట్టాను. అంకె స్పష్టంగా ఉంది. కింద కొడవలి ఉంది, పిడి వంకరగా, బావ చెప్పినట్టే. ఇది కల్పన కాదు, కాగితానికి అంటిన నాచు చూడు.

పన్నెండోది తీసేసి ఇది పెట్టు.

తమ్ముడు